గ్యారేజీ అమెరికన్‌కు నా గొంతు

ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక మస్కట్‌లో ఉన్న భార్య దగ్గరికి చేరాను. ఆమె ఇక్కడి ఆస్పత్రిలో సీనియర్ నర్సు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఆమె ఇక్కడా నేను విజయవాడలోనూ బతికాం. ఇప్పుడు ఆమె డ్యూటీకి వెళుతుంది, నేను ఇంట్లో ఉంటాను. అన్నం వండుతాను, బట్టలు ఆరేస్తాను, ఫోన్‌లో మూడు పత్రికలు చదివి అచ్చుతప్పులు వెతుకుతాను. పత్రికలు ఆ విషయంలో నన్ను ఏనాడూ నిరాశపరచలేదు. రోజు గడిచిపోయేది. అలా ఉన్నవాణ్ణి అమెరికా రాజకీయాల్లోకి లాగినవాడు మా తెలుగు చర్చి సహవాసంలోని ఒక ల్యాబ్ టెక్నీషియన్.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. ఘాలాలో గ్యారేజీలు, గోదాములు దాటాక చర్చిలన్నిటికీ కలిపి ఒక ఆవరణ ఉంది. గంటల లెక్కన భాషలు మారుతుంటాయి. మలయాళీలు బయటికి వస్తుంటే మేం లోపలికి వెళతాం, మేం చివరి పాట పాడుతుంటే ఫిలిప్పీన్స్‌వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటారు. ఆరాధన అయ్యాక బయట నీడలో టీ, ఉప్మా. ఉప్మా ప్లేటు చేతిలో ఉండగా ఒక రోజు ల్యాబ్ బ్రదర్ తన ఫోన్ నా ముఖానికి దగ్గరగా పెట్టాడు.

అందులో ఒక అమెరికన్ తన గ్యారేజీలో కూర్చుని మాట్లాడుతున్నాడు. వెనక గోడకు పానాలు, సుత్తులు వరసగా వేలాడుతున్నాయి. ఒక పక్క జెండా, ఒక పక్క బైబిలు, మధ్యలో కొబ్బరికాయంత మైకు. తనకు యజమాని లేడని, తనను ఎవరూ కొనలేరని, పెద్ద ఛానళ్ళు దాచిపెట్టేవన్నీ తాను చెబుతానని మొదటి ఐదు నిమిషాల్లో మూడుసార్లు అన్నాడు. ఆ తర్వాత సరిహద్దు, పన్నులు, బడుల్లో పిల్లలకు ఏం చెప్పాలో నిర్ణయించే హక్కు, దూరదేశాల యుద్ధాలకు పోసే డబ్బు, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. ఆయన చెప్పినవన్నీ చెత్త అని నేననను. తన దగ్గర లేని డబ్బు ఖర్చుపెట్టే ప్రభుత్వాన్ని తిట్టినప్పుడు నాకు సంతోషమే వేసింది. పిల్లల విషయంలో ముందు తల్లిదండ్రుల్ని అడగాలన్నప్పుడు తల కూడా ఊపాను. ఆ వరసలోనే ఏ ఆధారం లేని మాటను కూడా అదే గొంతుతో, అదే ధీమాతో చెప్పేస్తుంటాడు. మధ్యలో గుక్క తిప్పుకోడు. నన్ను విసిగించింది అదే.

"మనవాళ్ళకి ఆయన యాస అంతుపట్టట్లేదు అన్నగారూ. మీరు పత్రికలో చేసినవారు. వారానికోసారి తెలుగులో సారాంశం చెప్పండి. దేవుని పని అనుకోండి" అన్నాడు ల్యాబ్ బ్రదర్.

"దేవుని పని ఎలా అవుతుంది బ్రదర్? అది అమెరికా ఎన్నికల పని."

"ఈ రోజుల్లో రెండూ ఒకటేనండీ" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వును ఒప్పుకోలు కింద రాసుకున్నట్టున్నాడు. సాయంత్రానికి నా ఫోన్‌కు గంటన్నర వీడియో వచ్చి పడింది.

చేయనని చెప్పొచ్చు. చెప్పలేదు. ఖాళీగా కూర్చున్న డెస్కు మనిషికి ఎదురుగా దిద్దని కాపీ ఒకటి పడి ఉంటే చేతులు ఊరుకోవు. ప్రతి బుధవారం ఆ గంటన్నరా వినేవాణ్ణి. కాగితం మీద నోట్సు రాసుకుని, గురువారం ఐదు నిమిషాల ఆడియో చదివి సహవాసం గ్రూపులో పెట్టేవాణ్ణి.

దాన్ని ఎలా రాసేవాణ్ణో చెప్పాలి, తప్పంతా అక్కడే ఉంది. మా డెస్కులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే నేర్పే పద్ధతి ఒకటి ఉంది. అన్నిటికంటే బరువైన మాట పైన పెట్టాలి. ఎవరన్నారు, ఎందుకన్నారు, అవతలివాళ్ళు ఏమంటున్నారు, ఇవన్నీ దాని కింద. లేకపోయినా ఫరవాలేదనిపించేవి అన్నిటికంటే అడుగున. ఎందుకంటే ఆఖరి ఘడియలో వ్యాపార ప్రకటన ఒకటి వస్తే, పేజీ పెట్టేవాడు ఎవర్నీ అడగడు. కింది నుంచి కోసేస్తాడు. పైది మిగులుతుంది. ముప్పై ఏళ్ళు అలా రాసిన చేతికి మరోలా రాయడం రాదు. గ్యారేజీ అమెరికన్ యాభై నిమిషాలు ఊగిసలాడి, దగ్గి, కాఫీ తాగి, కథలు చెప్పి, చివరికి జంకుతూ అనే మాటను నేను పట్టుకొచ్చి నెత్తిన పెట్టేవాణ్ణి. ఆయన నోట్లో గొణుగుడు నా చేతిలో శీర్షిక అయ్యేది.

"అచ్చం వార్తలు చదివినట్టే ఉందండి అంకుల్" అనేవాళ్ళు మా పిల్లలూ పెద్దలూ. నాకు బాగుండేది. ఆ మాట ఎంత ప్రమాదమో నాకు తట్టలేదు. జనం ఆయన్ని వినడం లేదు, నన్ను వింటున్నారు. ఆయన చెబితే ఎవరో దొర ఆవేశపడుతున్నాడు అనుకునేవాళ్ళు, నా గొంతులో వినేసరికి అది జరిగిపోయిన సంగతి అనుకునేవారు.

మా ఇంట్లో మాత్రం ఈ పనికి గౌరవం లేదు. "మీకు నిద్ర తక్కువైతే ఆ వీడియో పెట్టుకోండి గానీ ఊళ్ళోవాళ్ళ నిద్ర చెడగొట్టకండి" అనేది నా భార్య. బయట కూడా ఒకాయన ఉండేవాడు. శుక్రవారం మమ్మల్ని ఘాలాకు తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవర్. జగిత్యాల వైపు మనిషి. ఘాలాలోనే ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడు. మేం ఆరాధనలో ఉన్నంతసేపూ వ్యాన్ నీడలో చాప పరుచుకుని తన ఫోన్ చూసుకునేవాడు. నేను ఒకసారి తొంగిచూస్తే, అక్కడా అమెరికా రాజకీయాలే. డాలస్‌లో ఇల్లు కట్టుకున్న తెలుగాయన ఎవరో తన కారులో కూర్చుని గొంతు చించుకుంటున్నాడు.

"మీక్కూడానా?" అన్నాను.

"ఏం జెయ్యాలె సార్. మా రూమ్‌ల తొమ్మిది మందిమి ఉన్నం. నలుగురు ఆ పార్టీ, నలుగురు ఈ పార్టీ. అమెరికా ఏ దిక్కున్నదో ఒక్కనికి ఎర్కలే. అన్నం కాడ రోజూ కొట్లాటనే. మొన్న ఒకడు అలిగి చారు పారబోసిండు."

"మీరు ఏ పార్టీ?"

"నేను వండెటోన్ని సార్. చారు పోయిన పార్టీ" అన్నాడు. "గెలిచినోడు అచ్చి మా కఫీల్‌ను మారుస్తడా? సైట్ల ఎండ తక్కువ జేస్తడా?" కఫీల్ అంటే ఇక్కడ మన వీసాకు హామీదారుడైన యజమాని. ఆ సంగతి గ్యారేజీ అమెరికన్ ఏ వీడియోలోనూ ఎత్తలేదు.

ఇలా నాలుగు నెలలు సాగాక ఒక వారం ఆయన విదేశీ పనివాళ్ళ మీద పడ్డాడు. మన ఉద్యోగాలు ముందు మన పిల్లలకు ఇవ్వాలి అన్నాడు. అందులో తప్పులేదు, ఏ దేశంవాడైనా అనే మాటే. మాట మాటకూ వేడెక్కి, చివరికి ఆస్పత్రులకు వచ్చాడు. బయటి నర్సుల్ని తెచ్చుకోవడం ఆపి మన అమ్మాయిలకు చదువు చెప్పించండి అన్నాడు. నా చేతిలో ఉంటే రేపే వాళ్ళ వీసా ఫైళ్ళన్నీ ఆపేస్తాను, రాజధానిలో ఉన్నవాళ్ళు కూడా అటే వస్తున్నారని నాకనిపిస్తోంది అన్నాడు. నాకనిపిస్తోంది అన్నాడు.

నేను రాసిన మొదటి వాక్యం ఇది. "విదేశీ నర్సుల వీసా ఫైళ్ళను ఆపేసే దిశగా అమెరికా కదులుతోంది." ఐదు నిమిషాల ఆడియోలో అన్నిటికంటే అడుగున, నాలుగున్నరో నిమిషం దగ్గర, ఇది వ్యాఖ్యాత అంచనా మాత్రమే, ప్రభుత్వం నుంచి ఏ ప్రకటనా లేదు అని కూడా చదివాను. డెస్కు లెక్కలో నా బాధ్యత తీరిపోయింది.

ఆ శుక్రవారం ఉప్మా దగ్గర ఇదే చర్చ. ల్యాబ్ బ్రదర్ ముఖం వెలిగిపోతోంది. "న్యాయమే కదా అన్నగారూ. ఎవరి దేశం వాళ్ళు చూసుకోవాలి. ఆయనకి దమ్ముంది కాబట్టి అన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా రెండు వారాల కిందట ఇదే చోట, ఇదే మనిషి, తన మెషీన్ దగ్గర ఒక ఒమానీ కుర్రాడికి పని నేర్పమంటున్నారని, నేర్పాక తన కుర్చీ వాడికిస్తారని గంటసేపు వాపోయాడు. ఆ గంటా నేను విన్నాను.

"మరి ఇక్కడివాళ్ళు వాళ్ళ పిల్లలకి మీ కుర్చీ ఇస్తే అన్యాయం ఎలా అయింది బ్రదర్?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"ఇక్కడ అనుభవం లేనోళ్ళని తెచ్చి పెడుతున్నారండీ. రక్తం శాంపిల్ తిరగేసి పెడతాడు వాడు."

"అమెరికా ఆస్పత్రులవాళ్ళు కూడా అదే అంటారు. అందుకే మన నర్సుల్ని పిలుస్తున్నారు."

"మీరు పత్రికవాళ్ళు. దేన్నైనా తిరగేస్తారు" అని ఆయన ఇంకో ప్లేటు ఉప్మా తెచ్చుకోవడానికి లేచాడు. వాదన ఓడిపోతే మనిషికి ఆకలేస్తుంది కాబోలు.

మంగళవారం మధ్యాహ్నం నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "ఏవండీ, పోయిన వారం ఆ ఆడియోలో ఏం చెప్పారు?"

"ఏ భాగం?"

"నర్సుల భాగం. మా వార్డు పిల్ల అమెరికా ఫైలు వదిలేసుకుంటోంది."

ఆ పిల్లను నేనెరుగుదును. పాలకొల్లు దగ్గర మనిషి, నా భార్య కింద పనిచేస్తుంది, మా ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది. నన్ను అంకుల్ అంటుంది. రెండు నెలల్లో ఆమె కాంట్రాక్టు అయిపోతుందని, ఆ జాగాలో ఇక్కడి అమ్మాయి చేరుతోందని ఆస్పత్రివాళ్ళు కాగితం ఇచ్చారు. ఈలోగా వేరే చోట పని దొరక్కపోతే ఒమాన్‌లో ఉండటానికిచ్చే కార్డు పోతుంది, ఇంటికి వెళ్ళాలి. ఆమె చేతిలో రెండు దారులున్నాయి. ఒకటి, మూడేళ్ళుగా నడుస్తున్న అమెరికా ఆస్పత్రి ఫైలు. పరీక్షలు పాసయింది, ఇంటర్వ్యూ పిలుపు రావాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. రెండు, మస్కట్‌కు దూరంగా అల్ సువైక్‌లో ఒక ప్రైవేటు క్లినిక్. వాళ్ళు వెంటనే తీసుకుంటారు, రెండేళ్ళు కదలనని సంతకం పెట్టాలి.

"ఆ ఫైలు చూసే ఏజెన్సీకి మెయిల్ కొట్టేసింది" అంది నా భార్య. "ఫైలు మూసేయాలంటే ఫారం నింపి గురువారం లోపల పంపమని వాళ్ళు జవాబిచ్చారు. ఫారం ప్రింటు తీసి నాకే చూపించింది. అదేంటే అంటే, అంకుల్ చెప్పారు కదా ఆంటీ, ఆపేస్తున్నారని, అంటోంది."

"నేనలా చెప్పలేదు."

"చెప్పకపోతే ఆ పిల్ల కలగందా?"

నేను ఫోన్ తీసి, నా ఆడియో పెట్టి, నాలుగున్నరో నిమిషం దాకా తోసి వినిపించాను. చూశావా, చెప్పాను కదా అన్నట్టు. ఆమె చివరిదాకా విని, "ఇంత అడుగున దాచినవాడివి, అసలు చెప్పకపోయినా పోయేది" అంది. ఏకవచనంలోకి దిగిందంటే కోపం నిజమైనదని అర్థం. "రేపు దాన్ని రమ్మన్నాను. డ్యూటీ అయ్యాక వస్తుంది. మీరే చెప్పుకోండి."

బుధవారం మూడున్నరకు ఆ అమ్మాయి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది, భుజాన సంచీ, సంచీలో మడతపెట్టిన ఫారం. నా భార్య టీ పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను అమెరికన్ వీడియో పెట్టాను. ఒక్కొక్క వాక్యం ఆపుతూ, ఏదీ కలపకుండా, ఏదీ తీసేయకుండా తెలుగులో చెబుతూ పోయాను. డెస్కులో ఇలా అనువదిస్తే నన్ను పనిలోంచి తీసేసేవాళ్ళు. "నా చేతిలో ఉంటే" అన్న చోట ఆపాను. "నాకనిపిస్తోంది" అన్న చోట మళ్ళీ ఆపాను.

"చూశావామ్మా? ఆయన కోరిక అది. ఆయన ఊహ. అంతే."

ఆమె ఆగిన వీడియో వైపు చూసింది. "ఆయన ప్రార్థన చేసి మొదలుపెడతాడు కదండి అంకుల్. అబద్ధం ఎందుకు చెప్తాడు?"

"అబద్ధం చెప్పాడని నేననడం లేదు. ఊహించాడు అంటున్నాను. ప్రార్థన చేసినవాడు ఊహించకూడదని ఎక్కడుంది?"

"ఊహయినా ఊరికే వస్తుందేంటి? ఆయనకి అక్కడోళ్ళు తెలుసు కదా."

"ఆయనకి గ్యారేజీ తెలుసమ్మా! రాజధాని ఆయన ఇంటికి ఎంత దూరమో, పాలకొల్లుకి ఢిల్లీ అంత దూరం!" నా గొంతు పెరిగింది. లోపలి గదిలో నుంచి నా భార్య దగ్గు వినిపించింది. తగ్గించాను.

"నాకు ఆయన మాట ఒక్క ముక్క అర్థం కాదండి" అంది ఆ అమ్మాయి, ఈసారి నా వైపు సూటిగా చూస్తూ. "నేను ఆయన్ని నమ్మలేదు. మీరు చెప్పారని నమ్మాను. పేపర్లో చేసినాయన ఊరికే అనరు అనుకున్నాను."

దీనికి నా దగ్గర ఉన్నది నాలుగున్నరో నిమిషం ఒక్కటే. దాన్నే బయటికి తీశాను. "చివర్లో చెప్పాను కదమ్మా, అంచనా మాత్రమేనని."

"చివర ఎక్కడండి? ఒక్క నిమిషమే కదా ఉంది."

ఫోన్ తీసి చూపించింది. ఆమె నా ఆడియో గ్రూపులో వినలేదు. ల్యాబ్ బ్రదర్ స్టేటస్‌లో విన్నది. ఆయన నా ఐదు నిమిషాల్లో మొదటి నిమిషం కత్తిరించి, వెనక రెపరెపలాడే జెండా బొమ్మ పెట్టి, స్టేటస్‌గా పెట్టాడు. అక్కడి నుంచి సలాలా దాకా, సొహార్ దాకా ఎంతమంది తీసుకుని తమ స్టేటస్‌లో పెట్టుకున్నారో ఆయనకే తెలియదు. నాలుగు నెలలుగా ప్రతి వారం ఇదే చేస్తున్నాడట. నాకు తెలియదు, నేను స్టేటస్‌లు చూడను.

ఆ అమ్మాయి ముందే ఆయనకు ఫోన్ చేశాను. తిట్టాలనే చేశాను.

"మిగతాది ఎవరు వింటారు అన్నగారూ?" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా. "ముఖ్యమైనది మీరు ముందే చెప్పేస్తారు కదా. అందుకే కోయడానికి నాకు సుళువు. వేరేవాళ్ళ ఆడియోలైతే ఎక్కడ కొయ్యాలో తెలిసి చావదు."

మా పేజీ పెట్టే మనిషి కూడా ఇదే అనేవాడు. అప్పుడు అది మెచ్చుకోలు.

వెంటనే సవరణ ఒకటి చదివి గ్రూపులో పెట్టాను. ఈసారి తలకిందులుగా రాశాను. నర్సుల ఫైళ్ళు ఆపుతున్నట్టు ఏ ప్రకటనా లేదు అని మొదటి వాక్యం, నేను అలా అర్థమయ్యేలా చదవడం పొరపాటు అని రెండో వాక్యం. అంతా కలిపి అర నిమిషం. ఎవరూ కోయడానికి అందులో ఏమీ మిగల్చలేదు. ఆ అర నిమిషానికి ముగ్గురు బొటనవేలు, ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఒకావిడ "ఆమెన్" అని రాసింది. ఇంకొకాయన "అంకుల్, ఈ వారం వీడియో ఎప్పుడు?" అని అడిగాడు. ఎవరూ దాన్ని స్టేటస్‌లో పెట్టుకోలేదు. పత్రికలో సవరణలు ఐదో పేజీలో, చిన్న అక్షరాల్లో వేసేవాళ్ళం. చదివేవాళ్ళు తక్కువని తెలిసే అక్కడ వేసేవాళ్ళం. ఇప్పుడు చదవడం లేదని నాకు కోపం రావడంలో అర్థం లేదు. వచ్చింది.

ఆ రోజే ఈ పని మానేస్తున్నానని ల్యాబ్ బ్రదర్‌కు చెప్పాను. ఆయన పెద్దగా బాధపడలేదు. ఫోన్‌లో ఏదో యంత్రం ఉంది, గ్యారేజీ అమెరికన్‌ను దానికే అప్పగించాడు. తర్వాతి వారం విన్నాను. తెలుగు ఘోరంగా ఉంది. క్రియలు దిక్కు తెలియక తిరుగుతున్నాయి, పన్నులను పళ్ళతో కలిపేసింది. కానీ ఆయన "నాకనిపిస్తోంది" అన్న ప్రతిచోటా అదీ "నాకు అనిపిస్తుంది" అంది. ఒక్కటీ వదల్లేదు. దాన్ని విని జనం నవ్వుకున్నారు తప్ప ఎవరూ నమ్మలేదు. ఆ పని నాకంటే అదే బాగా చేసింది.

మళ్ళీ ఆ బుధవారానికి వస్తాను. సవరణ పెట్టాక ఆ అమ్మాయి టీ చల్లారిపోయిన కప్పు పక్కకు జరిపి అడిగింది. "అయితే ఫైలు ఉంచుకోమంటారా అంకుల్?"

"ఉంచుకుంటే నష్టం లేదు కదా."

"ఆపరని మీకు తెలుసా?"

"తెలియదు."

"ఆపుతారని?"

"అదీ తెలియదమ్మా. ఎవరికీ తెలియదు. ఆయనకి తెలియదు, నాకు తెలియదు, ఏజెన్సీవాళ్ళకి కూడా తెలియదు."

"తెలియదని మొదటే ఒక ముక్క అనుంటే బాగుండేది కదండి." కోపంగా అనలేదు. వార్డులో తప్పు మందు రాసిన జూనియర్ డాక్టర్‌తో మాట్లాడినట్టు, ఓపిగ్గా అంది. "రేపు క్లినిక్‌లో సంతకానికి రమ్మన్నారు. ఆంటీకి డ్యూటీ ఉందంట. మీరు తోడొస్తారా? లోపల మాత్రం మీరేం మాట్లాడొద్దు."

గురువారం పొద్దున వ్యాన్ డ్రైవర్‌ను అడిగితే, కంపెనీ పని మీద అల్ సువైక్ దాకా వెళుతున్నాడు, ఎక్కించుకున్నాడు. బర్కా ఊరు దాటాం. రోడ్డుకు ఒక పక్క ఖర్జూరం తోటలు, తోటల ముందు చిన్న చిన్న దుకాణాలు. డ్రైవర్ అద్దంలో ఆ అమ్మాయిని చూసి, "ఏందమ్మా, పరీక్షకు వోతున్నట్టు కూసున్నవ్?" అన్నాడు.

జరిగింది ఆమే చెప్పింది, నాలుగు ముక్కల్లో. నా పేరు తీయకుండా "ఎవరో చెప్తే విని" అంది. డ్రైవర్ నా వైపు చూడకుండా నవ్వాడు. శుక్రవారాల్లో వ్యాన్‌లో నా ఆడియోలు అతనూ విన్నాడు.

"మా రూమ్‌ల గూడ గిట్లనే అయింది అక్కా. డాలసాయన చెప్పిండని ఒకడు ఊళ్ళె కొనేటి జాగ వద్దన్నడు. అమెరికల రేట్లు పడిపోతయట, మనకాడ గూడ పడతయట. పడలే. ఆ జాగ వాని బావమరిది కొన్నడు. ఇప్పుడు వాడు ఆయన వీడియో వెడితె ఫోన్ గుంజుకుంటడు."

"మరి మీరు చూస్తూనే ఉన్నారుగా?" అన్నాను.

"నేను నవ్వెటందుకు చూస్త సార్. మీరు నిజమనుకొని చెప్తిరి" అన్నాడు. ఆ మాట తర్వాత అల్ సువైక్ వచ్చేదాకా నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

క్లినిక్ మార్కెట్ వీధిలో, కింద మందుల షాపు, పైన నాలుగు గదులు. బయట బెంచీ మీద తోట పనివాళ్ళు అరడజను మంది. అందులో ఇద్దరు తెలుగువాళ్ళని మాట వినగానే తెలిసింది. ఒకడు నొప్పి ఎక్కడో కాంపౌండరుకు వచ్చీరాని హిందీలో చెప్పలేక, కడుపు మీద చేత్తో గుండ్రంగా చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి ఆగి, ఎప్పటి నుంచి, తిన్నాకనా తినకముందా అని తెలుగులో అడిగి, కాంపౌండరుకు హిందీలో చెప్పి, అప్పుడు లోపలికి వచ్చింది. మేనేజరు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. మలయాళీ, నా వయసు ఉంటుంది. మాటంతా హిందీలోనే జరిగింది.

కాగితం ముందుకు తోశాడు. "రెండేళ్ళు. ఇక్కడ, ఇక్కడ, చివరి పేజీలో."

ఆమె తీసుకుని చదవడం మొదలుపెట్టింది. ఆయన గడియారం చూసుకున్నాడు.

"ఏడాదికైతే చేస్తాను సార్" అంది.

"ఏడాది నర్సులు నాకొద్దమ్మా. పోయిన ఇద్దరూ మధ్యలో వెళ్ళిపోయారు. నీకు ఎక్కడైనా ఫైలుందా? అమెరికా, లండన్?"

లేదని చెప్పు అని నా ప్రాణం కొట్టుకుంది. ఇలాంటి చోట లేదనడం పాపం కాదు, అందరూ అదే అంటారు. నేను నోరు తెరవబోయాను. ఆమె ఇటు తిరక్కుండానే అరచేయి నా వైపు కొంచెం ఎత్తింది. మూసుకున్నాను.

"అమెరికా ఫైలుంది సార్. మూడేళ్ళ నుంచి. పిలుపు వస్తుందో రాదో తెలీదు. ఏడాది లోపల వచ్చినా ఏడాది నిండాకే వెళ్తాను, అది రాసిస్తాను. రాకపోతే మళ్ళీ ఏడాదికి సంతకం పెడతాను."

"వస్తే ఆగుతావని నమ్మకమేంటి?"

"ఇంతకు ముందు ఇద్దరూ లేదని చెప్పి వెళ్ళారు కదా సార్. నేను ఉందని చెప్పి ఉంటున్నాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. బయట కాంపౌండరు మళ్ళీ ఎవరితోనో గట్టిగా హిందీలో అరుస్తున్నాడు, అవతలి మనిషికి అది చేరడం లేదు. ఆయన అటు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఈ ముసలాయన ఎవరన్నట్టు నా వైపు చూశాడు. నేను బల్ల మీది క్యాలెండర్ చూశాను.

పెన్ను తీసి, రెండు అన్నది కొట్టేసి, పైన ఒకటి అని రాసి, పక్కన పొడి సంతకం చేశాడు. రెండో కాపీలో కూడా కొట్టేసి రాయమని ఆమె అడిగింది. విసుక్కుంటూ రాశాడు. అప్పుడు ఆమె సంతకాలు పెట్టి, తన కాపీని సంచీలో, ఫైలు మూసేయడానికి తెచ్చుకున్న ఆ ఏజెన్సీ ఫారం పక్కన పెట్టుకుంది. ఫారం ఖాళీగానే ఉంది. ఆ సాయంత్రంతో దాని గడువు అయిపోతుంది.

"ఎప్పుడు చేరమంటారు?" అంది.

రెండు నెలలూ ఆగాల్సిన పనిలేదని, ఆస్పత్రివాళ్ళు ముందే వదిలితే ఆ మర్నాడే రమ్మని ఆయన అన్నాడు. ఆమె సరేనని లేచి, వెళ్ళే ముందు బెంచీ దగ్గర ఆగి, ఆ కడుపునొప్పి మనిషికి ఏ మందు రాశారో చీటీ అడిగి తీసుకుని చూసింది.